తిరిగి చెప్పిన తర్వాతే

మూడు గంటల పది నిమిషాలకు మా మరదలు విమల చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. తమ్ముడు సుధాకర్ పోయి అప్పటికి పదిహేను రోజులు. చుట్టాలందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను మాత్రం కోరుట్లలో వాళ్లింట్లోనే ఉండిపోయాను. చావు జరిగిన ఇంట్లో పెద్ద పనులు అయిపోయాక గోడ గడియారం చూడటం తప్ప మనిషికి వేరే పని ఉండదు, అందుకే ఆ సమయం నాకు అంత కచ్చితంగా గుర్తుంది. చాయ్ పొంగేలోపు గేటు ముందు మోటారు సైకిల్ ఆగింది. తమ్ముడి పింఛనూ, ఇల్లూ విమల పేరుకు మార్చే కాగితాలు పట్టుకుని ఒక కుర్ర వకీలు వచ్చాడు. మంచి పిల్లవాడు. ఆడమనిషిని ఈ పరిస్థితిలో కోర్టు చుట్టూ తిప్పడం ఇష్టంలేక తానే ఇంటికి వచ్చాడు. కాగితాలు బల్ల మీద పరిచి, సంతకం పెట్టవలసిన చోటల్లా పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, "ఈడ, ఈడ, మళ్ల ఆఖరి పేజీల ఈడ పెట్టుండ్రి మేడమ్" అన్నాడు. విమల కళ్లద్దాలు కూడా వెతుక్కోలేదు. గుర్తు ఉన్న చోటల్లా సంతకం చేసుకుంటూ పోయింది.

"అండ్ల ఏమున్నది బాబూ?" అని అడిగాను.

"ఫార్మాటే అమ్మమ్మా. అందరికి ఒక్కటే ఉంటది. పేర్లు మారుస్తం, గంతే."

"మరి ఆమెకు చదివి చెప్పవా?"

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "గిప్పుడు ఎవలు చదివిచ్చుకుంటున్నరు అమ్మమ్మా? సంతకమైతే పనైతది."

"ఊకో వదినె, ఆ పిలగాడు మనకోసమే అచ్చిండు" అంది విమల. ఇంకా ఏదో పాత సర్టిఫికెట్ కావాలని అతను అంటే, ఆమె లోపలి గదిలోంచి తమ్ముడి రేకు పెట్టె తెచ్చింది. సర్టిఫికెట్ల కింద, అట్టడుగున, తుప్పు పట్టిన చిన్న డబ్బా ఒకటి ఉంది. విమల దాన్ని నా చేతిలో పెట్టి, "గిది మామదట. మీ తమ్ముడు నన్ను ముట్టనియ్యకపోతుండె" అంది. ఆమె మామ అంటే మా బాపు. మూత ఊడదీశాను. ఎండిపోయి పగుళ్లు వారిన వేలిముద్రల సిరా దిండు, మడిచిన గుడ్డ ముక్క, దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం. కాగితాన్ని అప్పుడు విప్పలేదు. గుడ్డను మాత్రం వెంటనే గుర్తుపట్టాను. అది సిరిసిల్లలో మా మేనమామ మగ్గం మీద నేసిన గుడ్డ. మూరెడు ఉంటుంది. మా ఇంటికి వచ్చినప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు దాని మీద తెలుపు ఎక్కడా లేదు. వేలిముద్ర వేసిన తర్వాత జనం తమ బొటనవేలు దానికి తుడుచుకునేవారు.

ఆ రోజుల్లో జగిత్యాలలో న్యాయం కావలసిన మనిషికి అందుబాటులో ఉన్నవి కొన్నే. మున్సిఫ్ కోర్టు, తహసీలు కచేరీ, నలుగురైదుగురు వకీళ్లు, స్టాంపు కాగితాలు అమ్మే ఒక ముసలాయన, కోర్టు ప్రహరీ వెంట రేకుల కింద బల్లలు వేసుకుని అర్జీలు రాసే ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురిలో ఒకరు మా బాపు, సాంబయ్య. నేత కుటుంబంలో పుట్టినా మగ్గం గుంటలో కూర్చోలేదు. ఉర్దూ బడిలో చదివాడు కాబట్టి, కోర్టు భాష ఉర్దూ అయిన కాలంలో అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. ఆ భాష పోయినప్పుడు ఆయన వయసు ముప్పై దాటింది. అప్పుడు తెలుగులో అర్జీ రాయడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. పొద్దున జొన్నరొట్టె తిని, తలకు రుమాలు చుట్టుకుని, పది గంటలకు ఇల్లు కదిలేవాడు. చొక్కాకు ఎప్పుడూ సిరా, జిగురు కలిసిన వాసన ఉండేది. అవ్వ ఎంత ఉతికినా ఆ వాసన పోలేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక రోజంతా విన్న తగాదాల గురించి ఒక్క మాట కూడా మా ముందు చెప్పేవాడు కాదు. "ఆళ్ల మాటలు ఆళ్లవి" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. వచ్చిన మనిషి చెప్పిందంతా వినేవాడు. రాసేవాడు. రాసింది పైకి చదివేవాడు. అందరూ అక్కడితో ఆపి సిరా దిండు ముందుకు జరిపేవారు. బాపు మాత్రం కాగితాన్ని బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి, "ఇగ నువ్వు చెప్పు" అనేవాడు. ఆ మనిషి తన అర్జీలో ఏమున్నదో తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పింది కాగితంతో కలవకపోతే ఆ కాగితం చింపేసి మళ్లీ రాసేవాడు. కలిసిన తర్వాతే వేలిముద్ర. అడుగున తన సంతకం పైన "చదివి వినిపించితిని, విని తిరిగి చెప్పినారు" అని రాసేవాడు. మిగతా ఇద్దరూ అందులో మొదటి సగమే రాసేవారు. "సాంబయ్య తాన అర్జీ అంటే బడికి పోయినట్టే, ఒప్పజెప్పాలె" అని వాళ్లు నవ్వుకునేవారు. ఒకసారి నేను బాపుకు సద్ది తీసుకుని వెళ్లినప్పుడు, పొలంగట్టు తగాదాతో వచ్చిన ముసలాయన ఒకడు తన అర్జీ తిరిగి చెప్పడం పూర్తిచేసి, "గంతే గాదు, ఆడు దొంగ నాకొడుకు అని గూడ రాయి" అన్నాడు. "అది అర్జీల పట్టదే తాతా" అన్నాడు బాపు. "పట్టకపోతే చిన్నగ రాయరాదు" అన్నాడు ముసలాయన. బాపు నవ్వగా నేను చూసింది తక్కువ. ఆ రోజు నవ్వాడు.

నేను పీయూసీ అయ్యాక ఇంట్లోనే ఉన్నాను. నాకు ఇరవై ఏళ్లప్పుడు బాపు కుడిచెయ్యి వణకడం మొదలైంది. బల్ల దగ్గర చిత్తు ఎట్లాగో గీకి తెచ్చేవాడు. సాయంత్రం ఆయన చెబుతుంటే నేను సాపు రాసేదాన్ని. మర్నాడు ఆయన దాన్ని చదివి, తిరిగి చెప్పించుకుని, వేలిముద్ర వేయించేవాడు. కిందనున్న సంతకం ఒక్కటే ఆయన చేతిది. ఈ సంగతి ఇంటి బయట ఎవరికీ తెలియదు. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదివి చదివి నా వాక్యాలు బాగుంటాయని నాకొక నమ్మకం ఉండేది. బాపు చెప్పే ముక్కలు నాకు చప్పగా తోచేవి. ఒకటి రెండుసార్లు ఏదో మాట చేర్చబోతే, "చెప్పింది రాయి బిడ్డా" అని ఆపాడు.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి వచ్చింది అప్పుడే. గోడల నిండా సున్నంతో రాతలు, బడులకు తాళాలు, పోతాయో పోవో తెలియని బస్సులు. సుధాకర్ నలుగురు స్నేహితులతో పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. నలుగురు మనుషులు ఒకచోట నిలబడకూడదని పోలీసులు జీపులో మైకు పెట్టి చెప్పిపోయేవారు. జీపు చప్పుడు వింటే అవ్వ చేతిలో ఉన్న పని వదిలేసి వాకిట్లోకి వచ్చి, అది మా గల్లీ దాటిపోయేదాకా నిలబడేది. ఉద్యమం విషయంలో బాపుకు అనుమానమేమీ లేదు. రాష్ట్రం రావాలి అనేవాడు. అయితే వకీళ్లంతా కూడి కోర్టుకు పోవద్దని తీర్మానం చేసుకున్నప్పుడు, ఆ తీర్మానం రేకుల కింద ఉన్న బల్లలకూ వర్తిస్తుందని ఉద్యమంలో ఉన్న పిల్లలు వచ్చి చెప్పారు. మిగతా ఇద్దరూ బల్లలు ఎత్తేశారు. బాపు రెండు రోజులు ఎత్తలేదు. మూడోనాడు మా తమ్ముడే ఇంట్లో అడిగాడు.

"బాపూ, అందరు నన్నే అంటున్నరు. మీ బాపు ఒక్కడే కూసున్నడు అని. నేను మొకమెట్ల చూపియ్యాలె?"

"రాష్ట్రం రావాలె. నేను వద్దన్ననా?" అన్నాడు బాపు. "గని పేషీ ఉన్నోళ్ల సంగతి జెప్పు. తెలంగాణ వచ్చేదాక ఆళ్ల పేషీ ఆగుతదా?"

అయినా బాపు బల్లను కోర్టు గోడకు ఆనించి వచ్చి, అవసరమైన వాళ్లకు ఇంట్లో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు.

పేషీ ఉన్నోళ్లు, అంటే కోర్టులో విచారణ తేదీ ఉన్నవాళ్లు, అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది లచ్చవ్వ. వెల్గటూరు వైపు గోదావరి దరి పల్లె ఆమెది. తరతరాలుగా కూలి చేసుకు బతికిన ఇల్లు. భూమి లేనివాళ్లకు సర్కారు ఇచ్చే లావుణి పట్టా కింద ఆమె భర్తకు ఎకరంన్నర చెలక, వాన మీద పండే మెట్ట భూమి, వచ్చింది. నాలుగేళ్లు దున్నుకున్నారు. భర్త పోయాడు. ఆయన పోయిన ఆరు నెలలకు ఆ ఊరి పటేలు ఆ చెలక తనదని దావా వేశాడు. లచ్చవ్వ తరఫు జవాబు కోర్టులో పడటానికి అదే ఆఖరి పేషీ. ఆ రోజు జవాబు పడకపోతే పటేలు చెప్పిందే నిలుస్తుంది, చెలక పోతుంది. ఆమె వకీలు తీర్మానానికి కట్టుబడి కోర్టుకు రానన్నాడు. అయితే మనిషి మంచివాడు కాబట్టి, "సాంబయ్యతోని రాయించుకొని నువ్వే దాఖలు జెయ్యి" అని చెప్పి పంపాడు.

పేషీకి ముందురోజు పదకొండు గంటలకు బస్టాండు దగ్గర బస్సు ఆపుతుంటే సుధాకర్‌ను పోలీసులు పట్టుకుపోయారు. కబురు అందిన వెంటనే బాపు చెప్పులు కూడా వేసుకోకుండా ఠాణాకు వెళ్లాడు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని, ఆర్పనూ లేదు, వండనూ లేదు. ఆ సమయానికి లచ్చవ్వ వచ్చింది. బస్సులు లేవని ఇటుక లారీ ఎక్కి వచ్చిందట. ఎర్ర దుమ్ముతో ఆమె వెంట్రుకలు, కనుబొమ్మలు ఒక్క రంగులో ఉన్నాయి. కొంగుముడి విప్పి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. చూస్తే అది పట్టా కాదు, శిస్తు కట్టిన రసీదు. చదువు రానిదానికి రెండూ ఒక్కతీరే.

"పట్టా ఏది లచ్చవ్వా?"

"గిది గాదా? అయ్యో, మల్ల అది గుమ్మిల ఉన్నట్టుంది బిడ్డా" అంది. ఇంట్లో వడ్లు పోసే గుమ్మి గుర్తొచ్చి నుదురు కొట్టుకుంది. ఆమెను తెచ్చిన లారీ గడియలో తిరిగి వెళ్తుంది. అది పోతే ఇక ఆ రోజు బండి లేదు. పట్టా లేకుండా రేపు కోర్టులో నిలబడి లాభం లేదు. రాసే సమయం లేదు. అప్పుడు నాకు తోచిన ఉపాయం చెప్పాను. ఖాళీ కాగితం అడుగున వేలిముద్ర వేసి పొమ్మన్నాను. నీ సంగతంతా బాపు ఇదివరకే నాకు చెప్పాడు, నేను రాసి పెడతాను, రేపు పొద్దున పట్టా పట్టుకుని నేరుగా కోర్టు దగ్గరికి రా అన్నాను.

ఆమె బొటనవేలు సిరా దిండు మీద పెట్టి, ఆగింది. "మరి నేను తిరిగి చెప్పొద్దా బిడ్డా? అయ్య చెప్పుమంటడు గదా."

"రేపు చెప్దువు గని. లారీ పోతది."

ఆమె వేలిముద్ర వేసి, గుడ్డకు తుడుచుకుని పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. పట్టా సంగతి, భర్త పోయిన సంగతి, పటేలు దావాలో నిజం లేదన్న సంగతి, అన్నీ బాపు చెప్పినట్టే రాశాను. చదువుకుంటే బలం లేనట్టు అనిపించింది. తమ్ముడు ఠాణాలో ఉన్నాడు, బయట జీపు తిరుగుతోంది. ఒక వాక్యం చేర్చాను. "తాత ముత్తాతల నాటి నుండి ఈ భూమిని మా చెమటతో తడిపి సాగు చేసుకుంటూ వస్తున్నాము." రాసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అంత మంచి వాక్యం అంతకుముందు రాయలేదనుకున్నాను. దీపాలు పెట్టే వేళకు బాపు వచ్చాడు. తమ్ముడిని పొద్దున వదులుతామన్నారట. వాడికి రొట్టెలు తీసుకుని మళ్లీ వెళ్లాలి. అవ్వ రొట్టెలు మూట కడుతుండగా నేను కాగితం ఆయన ముందు పెట్టాను.

"లచ్చవ్వ వచ్చిందా?"

"వచ్చింది."

"తిరిగి చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను.

ఆయన రాసింది చదవకుండానే, వణుకుతున్న చేతిని ఎడమచేత్తో పట్టుకుని, "చదివి వినిపించితిని, విని తిరిగి చెప్పినారు" అన్న చోట సంతకం చేశాడు. రొట్టెల మూట తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కోర్టు గేటు ముందు పాతిక మంది పిల్లలు ఉన్నారు. ఎదురుగా పోలీసులు లాఠీలు నేలకు ఆనించి నిలబడ్డారు. ఎవరైనా గట్టిగా దగ్గితే ఇటూ అటూ తలలు తిరుగుతున్నాయి. సుధాకర్ అప్పుడే ఠాణా నుంచి వచ్చి వాళ్లలో కలిశాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. బాపు, లచ్చవ్వ, వెనక నేను గేటు వైపు నడుస్తుంటే వాళ్లలో ఒకడు, "పెద్దమనిషీ, కొడుకేమో జేలుకు, తండ్రేమో కోర్టుకా? బాగనే పంచుకున్నరు" అన్నాడు. కొందరు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. ముందుకు వచ్చి, బాపు ముఖం చూడకుండా, "లోపలికి పోకు బాపూ" అన్నాడు.

"పొద్దుగూకేదాక నీ ఎంబడే ఈడ నిలబడ్త" అన్నాడు బాపు. "గీమె పేషీ ఒక్కటి అయిపోనియ్యి."

ఎవరూ దారి ఇవ్వలేదు. చివరికి లచ్చవ్వే అంది, "బాంచెన్ బిడ్డలార, నాది ఎకరంన్నర చెలక. మీ తెలంగాణల అది గూడ ఉన్నది గదా." వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పక్కకు జరిగారు.

లోపల వకీళ్ల కుర్చీలన్నీ ఖాళీ. మున్సిఫ్ గారు ఆంధ్ర ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చినవారు. బయట నినాదం వినిపించినప్పుడల్లా కిటికీ వైపు చూసి మళ్లీ కాగితంలోకి తల దించుకుంటున్నారు. పటేలు తెల్ల ధోవతిలో ముందు వరుసలో కూర్చున్నాడు. లచ్చవ్వ పేరు మూడుసార్లు పిలిచారు. ఆమె జవాబూ, పట్టా ఇచ్చింది. మున్సిఫ్ గారు నిదానంగా చదివారు.

"ఏమ్మా, ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదే దొరా."

"తాత ముత్తాతల నాటి నుంచి ఈ భూమి మీ సాగులోనే ఉందని రాయించావు. నిజమేనా?"

లచ్చవ్వ మా వైపు తిరిగి చూసింది. నేను కళ్లు దించుకున్నాను. ఆమె మళ్లీ అటు తిరిగి చెప్పింది.

"మా తాతలకు భూమెక్కడిది దొరా? మా మామ గీ పటేలింట్లనే జీతమున్నడు. ఆయన నాగలే దున్నిండు. సర్కారోళ్లు పట్టా ఇచ్చినంకనే మేం గీ చెలక దున్నుకుంటున్నం."

పటేలు లేచాడు. "విన్నరా దొరా? కాయితమొకటి, నోరొకటి. తాతల సంది దున్నిన్రట. ఈమె మామ నా జీతగాడు. మరి జీతగాడు దున్నితే ఎవల భూమి దున్నినట్టు? ఒకవేళ ఆళ్లదే అనుకుందాం. తాతల సంది భూమి ఉన్నోళ్లకు భూమి లేదని పట్టా ఎట్ల పుట్టింది?"

నా వాక్యం ఏం చేసిందో నాకప్పుడు తెలిసింది. అటు తిప్పినా ఇటు తిప్పినా అది లచ్చవ్వ చెలకను పటేలు చేతికే ఇస్తోంది.

"ఇది ఎవరు రాశారు?" అన్నారు మున్సిఫ్ గారు. లచ్చవ్వ నోరు విప్పలేదు. ఆమెకు తెలుసు. లేవాలనుకున్నాను. నాకంటే ముందు బాపు లేచాడు.

"నేనే దొరా."

"ఆమెకు చదివి వినిపించావా?"

అవునంటే బాపు మాట నిలుస్తుంది, లచ్చవ్వ అబద్ధాలకోరు అవుతుంది, చెలక పోతుంది. కాదంటే సంతకం పెట్టి అబద్ధం రాసినవాడు బాపు అవుతాడు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. అడగడం కోసం చూశాడని నాకు అర్థమైంది. నేను తల అడ్డంగా ఊపాను. నాకు చేతనైంది అంతే.

"లేదు దొరా. చదివి వినిపియ్యలేదు. ఆమె తిరిగి చెప్పలేదు. కింద రాసిన మాట అబద్ధం. సంతకం నాది. ఆమె నోట వచ్చిందే నిజం."

మున్సిఫ్ గారు ఆ కాగితాన్ని పక్కకు తీసి, లచ్చవ్వ చెప్పేది తానే అడిగి తన చేత్తో రాసుకున్నారు. రాసింది పైకి చదివారు. అయిపోయాక వేలిముద్ర వేయమని జవాను దిండు పెడితే, ఆమె చెయ్యి చాచలేదు.

"నేను తిరిగి చెప్పాల్నా దొరా?"

ఆయనకు అర్థం కాలేదు. బాపు వైపు చూశారు. బాపు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. "సరే, చెప్పు" అన్నారు. లచ్చవ్వ మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట ఎక్కువ లేకుండా, తక్కువ లేకుండా చెప్పింది. ఆ తర్వాతే వేలు పెట్టింది. ఆమెకు వాయిదా దొరికింది. బాపు ముందు మాత్రం మున్సిఫ్ గారు నా కాగితం తిరిగి పడేసి, "రేపటి నుంచి ఈ ఆవరణలో నీ బల్ల కనిపించకూడదు" అన్నారు. తప్పుడు రాతకు కేసు పెట్టకపోవడం ఆయన దయ. మెట్ల మీద పటేలు, "కొండగట్టు గుడికి వచ్చి అంజన్న ముంగట చెప్పుమను సూద్దాం" అన్నాడు. "అంజన్న ముంగట గూడ గిదే చెప్త పటేలా" అంది లచ్చవ్వ.

బాపు నేరుగా రేకుల కిందికి వెళ్లి, గోడకు ఆనించిన బల్లను లేపి నెత్తిన పెట్టుకున్నాడు. గేటు బయట పిల్లలు చూశారు. సమ్మెకు కలిసివచ్చి బల్ల ఎత్తేస్తున్నాడనుకున్నారు. ఒక్కసారిగా చప్పట్లు, జై తెలంగాణ అని కేకలు. పొద్దున ఎగతాళి చేసినవాడే, "తాత మనోడేరా" అని అరిచాడు. సుధాకర్ పరుగెత్తుకొచ్చి బల్ల ఒక అంచు పట్టుకున్నాడు. వాడి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. బాపు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తండ్రీ కొడుకులు ఆ కేకల మధ్యనుంచి బల్ల మోసుకుంటూ ఇంటికి వచ్చారు. నేను వెనక నడిచాను.

ఆ సాయంత్రం, తమ్ముడు బయటికి పోయాక, బాపు నన్ను పిలిచాడు.

"ఆ ఒక్క మాట ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"బాగుంటదని."

"బాగుంది" అన్నాడు. "గని అది ఆమెది గాదు."

అంతకుమించి ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు. అబద్ధమాడావని కూడా అనలేదు.

వకీళ్లు తిరిగి కోర్టుకు వెళ్లిన తర్వాత లచ్చవ్వ దావా రెండేళ్లు నడిచి ఆమెకే అయింది. ఆమె కొడుకులు దున్నుకున్నారు. మనవలు దుబాయి పోయారు. ఇప్పుడు ఆ చెలక ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. బాపు మళ్లీ బల్ల వేయలేదు. సిరిసిల్లలో మేనమామ దగ్గరికి వెళ్లి, గంజి వాసన నిండిన ఆ ఇంట్లో, మగ్గం పక్కన కూర్చుని వణికే చేత్తో కండెలు చుట్టాడు. పోగు తెగినప్పుడల్లా ఓపికగా ముడి వేసేవాడు. నాలుగేళ్లకు అక్కడే పోయాడు. సుధాకర్ టీచరయ్యాడు. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు తల నెరిసిన వాడు కోరుట్ల చౌరస్తాలో పిల్లలతో కలిసి కూర్చున్నాడు. ఆ రోజుల్లో వకీళ్లు మళ్లీ కోర్టులు మానేశారు. ఫోన్లో ఆ సంగతి చెబుతూ వాడు ఒకసారి, "బాపు గప్పుడు బల్ల ఎత్తుకొచ్చిండు, యాదికున్నదా అక్కా?" అన్నాడు. ఉన్నదన్నాను. నిజం చెప్పడానికి అది సమయమని తెలిసి కూడా చెప్పలేదు. తర్వాతి కాలంలో నేను కథలు రాయడం మొదలుపెట్టాను. రాసి పంపినప్పుడల్లా వాడు ఒకే ప్రశ్న వేసేవాడు. "గిది ఆళ్ల మాటనేనా అక్కా, నీదా?" అది చదువరి సందేహం అనుకునేదాన్ని.

కుర్ర వకీలు చాయ్ తాగి వెళ్లిపోయాక డబ్బాలోని కాగితం విప్పాను. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు పోలేదు. నా చేతిరాత. తాత ముత్తాతల నాటి నుండి. దాని కింద లచ్చవ్వ బొటనవేలు. దాని కింద బాపు సంతకం. బాపు పోయినప్పుడు ఆయన సామాను తెచ్చుకున్నది సుధాకరే. నా చేతిరాత వాడికి తెలుసు. చిన్నప్పుడు వాడి పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే. అంటే, లచ్చవ్వను అడిగాడో తానే పోల్చుకున్నాడో, ఇన్నేళ్లూ వాడికి తెలుసు. ఆ కేకలు ఎందుకు వచ్చాయో, అవి బాపుకు రావలసినవి ఎందుకు కావో, తాను మోసిన బల్ల ఏమిటో, అన్నీ తెలుసు. అయినా ఫోన్లో యాదికున్నదా అని అడిగి, నేను ఉన్నదంటే విని ఊరుకున్నాడు. నాతో తిరిగి చెప్పించాలని చూశాడు, నేను చెప్పలేదు.

విమల గిన్నెలు కడుగుతోంది. గుడ్డను, కాగితాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేశాను. ఇప్పుడు కోర్టుల్లో ఉచిత న్యాయ సహాయం అని బోర్డులున్నాయి. ఊరూరా వకీళ్లున్నారు. వేలు పెడితే మనిషిని గుర్తుపట్టే యంత్రాలున్నాయి. వేలికి సిరా అంటదు, తుడుచుకోవడానికి గుడ్డ అక్కర్లేదు. ఇవేవీ చెడ్డవి కావు. లచ్చవ్వకు ఇవి ఉంటే ఆమె ఇటుక లారీ ఎక్కేది కాదు. కానీ కాగితాన్ని బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి, ఇగ నువ్వు చెప్పు అని ఇప్పుడు జగిత్యాలలో గానీ కోరుట్లలో గానీ ఎవరూ అడగడం లేదు.